ఇంకొల్లు లీక్

1979 మార్చి. గుంటూరులో ఓ మిర్చి గోడౌన్ వెనక గది. బయట బోర్డు మీద 'ఎరువుల సలహా కేంద్రం' అని ఉంటుంది. దేవుడి దయవల్ల ఇంతవరకూ ఒక్క రైతూ సలహాకి రాలేదు.

చీఫ్ శివరామకృష్ణ ఓ ఫొటో బల్ల మీదకి తోశాడు.

"కార్ల్ వైస్. నాజీ క్యాంపు డాక్టరు. ప్రయోగాల పేరుతో మూడొందలమంది పిల్లల్ని చంపాడు. యుద్ధమయ్యాక పాదిరీ పాస్‌పోర్టుతో అర్జెంటీనా, తర్వాత మన ఇంకొల్లులో పొగాకు నిపుణుడి వేషం. రెండేళ్ల క్రితం రెయిడ్‌కి గంట ముందు జారిపోయాడు. ఇవాళ మూడింటికి చీరాల వాడరేవులో పడవెక్కుతున్నాడు. వాణ్ణి దాచే నాజీ ముఠా ఓడ సముద్రంలో రెడీ."

"గుర్తుపట్టే సాక్షి?" అడిగింది ఏజెంట్ బిందుమాధవి.

"ఆ క్యాంపులోంచి బతికి బయటపడ్డ ఎస్తేర్ గారొక్కరే ఉండేవారు. నిరుడు పోయారు. మిగిలిన రుజువు వాడి ఎడమ చంకలో పచ్చబొట్టు. 'ఎ' అక్షరం, నాజీ దళంవాళ్లకి పొడిచే బ్లడ్ గ్రూప్ గుర్తు. అప్పుడా అఖిల లీక్ చెయ్యకపోతే..."

బిందుమాధవి ఫ్యాను వంక చూసింది.

అఖిల డబుల్ ఏజెంట్. పట్టుచీరలు, సెంట్లు, గడగడా జర్మన్. ముఠాలో చేరినట్టు నటించి, నిజంగానే చేరిపోయిందని చీఫ్ అనుమానించడంతో, రెండేళ్లుగా ఆఫీసులో టైపు కొడుతోంది.

లీక్ చేసింది అఖిల కాదు. రెయిడ్ ముందురోజు ఇల్లిల్లూ తిరిగే చీరలమ్మి వేషంలో వైస్ ఇంటికెళ్లింది బిందుమాధవి. వంటమనిషి వెంకటేశ్వరమ్మ పది కిలోల పండుమిరపకాయలు ముందేసుకుని, దొరకి ఏడాది పచ్చడి పెట్టబోతోంది. రేపు జైలుకెళ్లేవాడికి ఇంత పచ్చడా! బిందుమాధవి ప్రాణం ఆగలేదు.

"ఈసారి చిన్న జాడీడు చాల్లే పిన్నీ" అనేసింది.

రెయిడ్ ఫెయిలయ్యాక వెంకటేశ్వరమ్మే చెప్పింది: "ఇంతే పెట్టావేం అన్నాడే దొర. చీరలమ్మి చాలందన్నా. ఏడాది నేనుండనని దానికెలా తెలుసంటూ కంచం ముందునించి లేచిపోయాడమ్మా!"

ఆ మాట బిందుమాధవి ఎవరికీ చెప్పలేదు. ఎస్తేర్ గారు వాడు దొరికాడన్న కబురు కోసం ఎదురుచూస్తూనే పోయారు.

వాడరేవు. మూడు కావడానికి రెండు నిమిషాలు. పడవలో కాషాయం కట్టిన తెల్ల స్వామీజీ. ఇంజిన్ తిప్పే హ్యాండిల్ కోసం పడవవాడు తెగ వెతుకుతున్నాడు. అది పొద్దున్నే చీరల మూటలోకి చేరిపోయింది. ఆ మూటతోనే బిందుమాధవి మోకాల్లోతు నీళ్లలో నిలబడింది.

"దీవించండి స్వామీ. రెండు చేతులూ పైకెత్తి."

మూటలోంచి రివాల్వర్ తొంగిచూసింది. చేతులు లేచాయి. కాషాయం జారింది. 'ఎ'. పెన్ కెమెరా క్లిక్‌మంది.

వైస్ ఆమెని ఎగాదిగా చూసి నవ్వాడు. తేటగా ఇంకొల్లు తెలుగులోనే అన్నాడు: "చీరలమ్మీ! ఆ రోజు నన్ను కాపాడావు. థాంక్స్ చెప్పలేదు నీకు."

బిందుమాధవి బేడీలు రెండూ గట్టిగా బిగించేసింది.

"రిపోర్టు రాసెయ్, మెడల్ గ్యారంటీ!" అన్నాడు చీఫ్ జీపులో.

నాలుగు పేజీలు రాసింది. నాలుగో పేజీ నిండా పచ్చడి సంగతే. తీసుకెళ్లి టైపిస్టు ముందు పెట్టి, నిలబడిపోయింది. అఖిల మూడు పేజీలు టకటకా కొట్టింది. నాలుగోదాని మధ్యలో మిషను ఆగింది. అఖిల తలెత్తింది.

"పిన్నిగారికి చెప్పడానికి ఒక్కరోజు ఆగలేకపోయావు. నాకు చెప్పడానికి మాత్రం రెండేళ్లు ఆగగలిగావటే?"