వెనుదిరిగే వేళ

ఆమె కిటికీలోంచి తోసిన కాగితాన్ని గుమాస్తా ఒకసారి చదివి, అడ్డంగా గీత కొట్టి వెనక్కి తోశాడు.

"ఏమైంది?" అంది.

"ఈ లెక్కన వెళితే పైకే వెళతారు. కొండ పైకి కాదు."

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మీరు గుమాస్తానా, జాతకాలు చెబుతారా?"

"గుమాస్తానే. ఏడింటికి బయల్దేరి ఒంటిగంటకి శిఖరం అని రాశారు. ఈ నెలల్లో పన్నెండు దాటితే పైన మబ్బు దిగుతుంది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. నాలుగింటికే బయల్దేరాలి. పదకొండున్నరకి ఎక్కడుంటే అక్కణ్ణించి వెనక్కి."

"శిఖరం పదడుగుల్లో ఉంటే?"

"ఆ పదడుగుల అవతల్నించే ఒక దణ్ణం పెట్టి వెనక్కి."

"మీకు పెళ్ళయిందా?"

"లేదు."

"అనుకున్నా."

కొండ కింద ఆ చెక్‌పోస్టులో పద్ధతి ఒకటే. ఎక్కేవాళ్ళు ఏ మలుపు దగ్గర ఏ వేళకి ఉంటారో, ఏ వేళకి వెనుదిరుగుతారో రాసివ్వాలి. గుమాస్తా సంతకం పెడితేనే గేటు తీస్తారు. ఆ సంతకం వెనుదిరిగే వేళ కోసమే. మిగతాదంతా అలంకారం.

ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి అన్నచోట ఆమె తల్లి పేరూ, ఫోన్ నంబరూ రాసింది. అతను చదివి, మళ్ళీ చదివాడు. నిరుడు అదే పేరూ, అదే నంబరూ ఒక యువకుడి కాగితం మీద చూశాడు.

వాడు నవ్వుమొహం వాడు. వెనుదిరిగే వేళ పన్నెండు అని రాసి, తీరా కిటికీ దగ్గర బేరం మొదలుపెట్టాడు. "ఒక్క గంట అన్నా. ఒంటిగంట అని రాయన్నా." అతను నవ్వి, పన్నెండు కొట్టేసి, తన చేత్తోనే ఒంటిగంట అని రాసి సంతకం పెట్టాడు. మూడోరోజు శవాన్ని దింపారు. విచారణలో ఆ కొట్టివేత గురించి ఎవరూ అడగలేదు. అడగనిదానికి అతనూ జవాబు చెప్పలేదు. మంచివాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి. నవ్వుతూ చేస్తారు.

"మీరెందుకు ఎక్కాలి?" అన్నాడు ఆమెతో.

"మా తమ్ముడు నిరుడు ఎక్కాడు. దిగలేదు. వాడు చూడాలనుకున్నదేమిటో చూసి రావాలి."

చెప్పాల్సిన మాట అప్పుడే చెప్పాలి. అతను చెప్పలేదు. "ఆదివారం రండి, ప్లాను నేను వేసిస్తా," అన్నాడు.

ఆమె నర్సు. వాళ్ళ ఆస్పత్రికి ఏడంతస్తులు. డ్యూటీ దిగాక సంచి తగిలించుకుని ఆ మెట్లు రోజూ ఆరుసార్లు ఎక్కి దిగమన్నాడు. ఆదివారం వస్తే పంతుల్లాగా పాఠం అప్పజెప్పించుకునేవాడు.

"సంచి ఎంత బరువు?"

"ఆరు కిలోలు."

"నీళ్ళు?"

"రెండు లీటర్లు."

"మూడు కావాలి."

"నేనేమన్నా నీళ్ళ ట్యాంకర్నా పంతులూ?"

"ట్యాంకరు దాహంతో చావదు."

నాలుగో ఆదివారం వాన పట్టుకుంది. మూసిన కొట్టు చూరు కింద నిలబడి మ్యాపు విప్పారు. చూరు చాలలేదు. అతను గొడుగు తెరిచి పట్టాడు.

"గొడుగు మ్యాపుకి పట్టారు," అంది.

"మ్యాపు తడిస్తే పనికిరాదు."

"నేను తడిస్తే?"

అతను ఆమె వంక చూశాడు. చూడాల్సిన దానికన్నా రెండు క్షణాలు ఎక్కువే చూశాడు.

"ఆరతారు," అన్నాడు.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వాగాక, "ఏడాదయింది నేనిలా నవ్వి," అంది.

అతను గొడుగు ఆమె చేతిలో పెట్టి, వానలో నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఆరో ఆదివారం ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. ప్లాను వేసి, తోడు కూడా వస్తానన్నవాడు వచ్చి చెబితే తప్ప కూతుర్ని పంపనని తల్లి భీష్మించింది. తల్లి బట్టలు కుడుతుంది. కిటికీ పక్కన మిషను, గోడ మీద కొడుకు ఫొటో. అతను మిషను బల్ల మీద కాగితం పరిచి, మలుపు మలుపూ వేలు పెట్టి చూపించాడు. కుట్టు ఎక్కడ ఊడుతుందా అన్నట్టు చూస్తూ తల్లి అంతా విన్నది.

"పదకొండున్నరే ఎందుకు బాబూ? మావాడి కాగితంలో ఒంటిగంట ఉందన్నారు. ఎవడు రాయనిచ్చాడది?"

కూతురు టీ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోజు డ్యూటీ వేరేవాడిది అంటే సరిపోయేది. పిల్ల దక్కేది.

"నేనే," అన్నాడు. "వాడు పన్నెండే రాశాడు. ఒక గంట అడిగాడు. కొట్టేసి రాసింది నేనే."

కూతురు కప్పులు కింద పెట్టింది.

"ఎప్పుడు చెబుదామనుకున్నారు?"

"ప్రతి ఆదివారం."

"ఆరయ్యాయి."

"అయ్యాయి."

"ఆరుసార్లూ నాకు నీళ్ళ గురించి చెప్పారు."

అతను లేచాడు. "ప్లాను మంచిదే. దాన్ని చింపకండి. తోడు మాత్రం ఇంకెవరినైనా తీసుకెళ్ళండి."

"కూర్చో," అంది తల్లి.

కూర్చున్నాడు.

"వాడు బేరగాడు. లేవడానికి ఒక గంట, చదవడానికి ఒక గంట, ఇంటికి రావడానికి ఒక గంట. మాటలొచ్చినప్పటి నించీ నన్ను అడుగుతూనే ఉన్నాడు. నేనిస్తూనే ఉన్నాను. అలవాటు చేసింది నేనే." ఫొటో వంక చూసింది. "నిన్ను క్షమించడానికి చెప్పటం లేదు. నా కొడుకు పోయాడు. నీది తప్పే."

"తప్పే."

"ఇదేమో ఆగదు. మొండిఘటం. భయం తెలియనివాడితో పోయేకన్నా తెలిసినవాడితో పోతేనే మేలు."

"నన్నడగవా అమ్మా?" అంది కూతురు.

"నిన్నడిగేదేముంది? ఆదివారం పొద్దున జడ రెండుసార్లు విప్పి వేసుకుంటే నాకు కనపడదా?"

కూతురు తలవంచుకోలేదు. అతని వైపే సూటిగా చూసింది.

"మీ మీద నాకు కోపం పోదు. రేపూ ఉంటుంది. కొండ దిగాకా ఉంటుంది. పెళ్ళయ్యాకా ఉంటుంది."

"ఉండనివ్వండి," అన్నాడు. ఆమె అన్న చివరి మాట అతనికి కాస్త ఆలస్యంగా వినపడింది.

తల్లి బీరువాలోంచి మందపాటి గుడ్డ తీసింది. "పైన చలిట కదా. దీనికి కోటు కుట్టాను, గుడ్డ మిగిలింది. లేచి నిలబడు."

అతను నిలబడ్డాడు. ఆమె అతని ఛాతీ చుట్టూ టేపు తిప్పి, "ముప్పై ఆరు," అంది.

కూతురు కదల్లేదు. కొంతసేపటికి కూతురు పెన్సిలు తీసుకుని రాసింది.

తల్లి టేపు వంక ఇంకోసారి చూసి అతన్ని కసిరింది.

"ఊపిరి బిగబట్టకు. కొలత తప్పుతుంది."