అరక్కోణం కొళాయి

దామోదరం ఆ ఉదయం పేపరు మడత విప్పలేదు. కాఫీ గ్లాసుతో ఎదురుగా నిలబడిన కూతురి నుదుటినే చూస్తూ ఉండిపోయాడు.

కోకిల కుంకుమ బొట్టు పెట్టుకుంది. తిరువళ్ళూరులోని ఆ ఇంట్లో ఎవరి ముఖానా ఆయన ఏళ్ళ తరబడి చూడని బొట్టు అది.

"ఏమ్మే, నొసట ముద్ర కొట్టినారే! పోస్టులో ఏ ఊరికి పోతా ఉండావు?"

అది ఆయన పాత హాస్యం. దేవుడు లేడనే నల్లచొక్కా సంఘం మీటింగుల్లో ఈ ఒక్క మాటకే చప్పట్లు మోగేవి. కోకిల మాత్రం నవ్వలేదు.

"తిరుపతికి నాయినా," అంటూ కాఫీ గ్లాసు పక్కన ఒక ఫారం పెట్టింది. "ఆడ ఆడపిల్లల కాలేజీ ఉంది. పొద్దున్నే ప్రార్థన, లంగా ఓణీ, సంస్కృతం. హాస్టలు కూడా ఉంది. శుక్రవారం ఆఖరు తేదీ. నువ్వు సంతకం పెట్టల్ల."

దామోదరానికి నవ్వు ఆగిపోయింది.

పూండి నీటిపారుదల ఆఫీసులో ఆయన గుమాస్తా. ఇరవై ఏళ్ళ కిందట పురోహితుడు లేకుండా, మంత్రం లేకుండా, వేదిక మీద దండలు మార్చుకుని వరదమ్మను పెళ్ళి చేసుకున్నాడు. ఆరేళ్ళ కిందట ఆమె కామెర్లతో పోయినప్పుడు కర్మకాండ ఏదీ చేయలేదు. సంఘం వాళ్ళు వచ్చి నాలుగు మాటలు మాట్లాడారు, అంతే. అప్పటి నుంచి కూతురిని ఒంటిచేత్తో పెంచాడు. ప్లస్ టూలో ఫస్టు క్లాసు రాగానే స్నేహితుడు నటరాజ్ చేత మద్రాసు కాలేజీ ఫారం తెప్పించాడు. నటరాజ్ కూతురు అక్కడే స్టూడెంట్ యూనియన్ సెక్రటరీ.

"మద్రాసుకు ఏం తక్కువమ్మా?"

"ఏం తక్కువ లేదు. ఆడ చదివే నటరాజ్ మామ కూతురు మంచిదే. అయితే నా మాట ఆ కాలేజీకి పనికిరాదు నాయినా. ఇస్కూల్లో డిబేటుకు నేనేం మాట్లాడినాను? గుడి పెత్తనం సర్కారుకు వద్దు, పెండ్లికి పెద్దోళ్ళు చూసిందే మేలు అన్నాను. నటరాజ్ మామ నన్ను ఏమన్నాడు?"

"చిన్న ముసలమ్మ అన్నాడు. తమాషాకు."

"ఆడ దినామూ ఆ తమాషానే. మూడేండ్లు నవ్వించుకుంటా చదవల్నా?"

దామోదరం ఫారం అందుకున్నాడు. ఆయన చదువంతా తమిళమే, తెలుగు కూడబలుక్కుని చదవాలి. ఏడో గడి దగ్గర వేలు ఆగింది. 'తండ్రి ఇంటి ఆచారం, కులదైవం.' కింద, పై వివరాలు నిజమని తండ్రి సంతకం.

"మా అయ్య బొట్టు పెట్టుకోలేదని నన్ను చింతబరికెతో కొట్టినాడు. ఆ ఇంట్లోంచి నడిచొచ్చినోణ్ణి నేను. నాకు ఆచారముందని అబద్ధం రాసి చేవ్రాలు పెట్టాల్నా? పెట్టను."

"నీ అయ్య పెట్టుకోమని కొట్టినాడు. నువ్వు పెట్టుకుంటే నవ్వుతావు. నాకు రెండూ ఒకటే నాయినా."

ఆయన ఫారాన్ని బల్ల మీదకు విసిరి పూండి బస్సుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటి వాళ్ళు తాళంచెవితో పాటు తమిళంలో రాసిన చీటీ ఇచ్చారు. 'అత్త ఇంటికి పోతా ఉండాను. సంతకం పెట్టేదుంటే రా. లేదంటే నేను ఇంక చదవను. ఏ కాలేజీలోనూ.'

అత్త అంటే తిరుత్తణిలో ఉన్న తన అక్క కుప్పమ్మ. దామోదరానికి అంతా అర్థమైపోయింది. ఇదంతా అక్క పని! సెలవులకని పంపితే బిడ్డ మనసు విరిచేసింది.

మరునాడు తొలి బండికే బయలుదేరాడు. అరక్కోణంలో బండి మారి తిరుత్తణిలో దిగేసరికి కోపం నెత్తికెక్కింది. కొండ కింది వీధిలో అక్క ఇంటి గడప దాటుతూనే అరిచాడు.

"నా బిడ్డకు ఏం మందు పెట్టినావు అక్కా?"

కుప్పమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఉంది. తల ఎత్తలేదు.

"కూచోరా. కాళ్ళు కడుక్కొని కూచో."

"ఆరేండ్లు కష్టపడి పెంచినా. నువ్వు నాలుగు దినాల్లో దాన్ని గుడి మెట్లకు కట్టేస్తావా?"

"నేను కట్టినానా?" కుప్పమ్మ చేట కింద పెట్టింది. "కోకిలా, గూట్లో ఉండేది ఎత్తకరా."

లోపల కోకిల గొంతు భయంగా వినిపించింది. "వద్దత్తా. అమ్మకు మాట ఇచ్చినాను."

"మాట తీసుకున్నది పోయింది. ఇంక ఎవరికోసం దాచేది? ఎత్తకరామ్మా."

కోకిల తెచ్చింది చిన్న కొయ్య భరిణె. ఎర్ర రంగు పెచ్చులూడిపోయింది. మూత తీస్తే సగం వరకు కుంకుమ, అందులో ఒక వేలి గుంట.

"ఎవరిది?" అన్నాడు దామోదరం.

"నీ పెండ్లాందిరా."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నెల నెలా వదినను చూసొస్తానని వచ్చేది గదా? అన్నీ కొండ మీది సామికి ఇష్టమైన కృత్తిక దినాలే. పంచాంగం చూసుకోవు గాబట్టి నీకు తెలీదు. వస్తానే తలకు పోసుకొని, ఈ భరిణె తీసి బొట్టు పెట్టుకొని, బిడ్డను చంకనేసుకొని కొండెక్కేది. పన్నెండేండ్లు, ఒక నెల తప్పలేదు."

"నాకు... ఎప్పుడూ కనబడలేదే!"

కోకిల గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది.

"అరక్కోణంలో బండి మారతాము గదా నాయినా. ప్లాటుఫారం కొసన కొళాయి ఉంది. అమ్మ ఆడ కొంగు తడుపుకొని బొట్టు తుడుచుకునేది. నాది కూడా తుడిచేది. నొసలు ఎర్రగా కందిపోయేదాకా రుద్దేది. తర్వాతనే మన ఊరి బండి ఎక్కేది."

"నేనేం చేసినానని?" అన్నాడు దామోదరం. "ఒక్కనాడు వద్దన్నానా? చెయ్యెత్తినానా?"

"లేదు. పెండ్లయిన కొత్తలో పెట్టుకునిందంట. నటరాజ్ మామ వాళ్ళ ముందర నువ్వు ముద్ర, పోస్టు అన్నావంట. అందరూ నవ్వినారంట. నేనడిగినాను, నాయినకు చెప్తే ఏమవుతాదమ్మా అని. 'పది మంది ముందర తలెత్తుకొని మాట్లాడే మనిషే. ఇంట్లో బొట్టు కనబడితే వాళ్ళు ఆయన్ని చూసి నవ్వుతారు. చెప్పొద్దు, పాపం' అనింది."

పాపం. ఆ ఒక్క మాట దామోదరం గుండెలో దిగబడింది.

ఆసుపత్రిలో ఆఖరి వారం గుర్తొచ్చింది. పసుపు పచ్చని కళ్ళతో వరదమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆడి నెల కృత్తిక వస్తా ఉంది. ఒక్కసారి వదిన ఇంటికి పోయొస్తామా?" అని అడిగింది. "బాగైనాక పోదాంలే. అక్క యాడికి పోతాది?" అన్నాడు తను. ఆమె మళ్ళీ అడగలేదు. అక్క కోసం అడిగిందనుకున్నాడు, ఆరేళ్ళుగా అలాగే అనుకుంటున్నాడు.

బొట్టు లేని నుదుటితోనే ఆమెను సాగనంపాడు. అది ఆమె కోరిన స్వేచ్ఛ అని మైకులో చెప్పాడు కూడా!

దామోదరం భరిణెను రెండు చేతులా పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అక్క ముందు, కూతురి ముందు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కోకిల వచ్చి పక్కన కూర్చుంది. తండ్రి భుజం మీద తల ఆనించింది.

చాలాసేపటికి ఆయన ముఖం తుడుచుకున్నాడు.

"ఫారం ఇట్లియ్యి."

"అబద్ధం రాయొద్దు నాయినా. నీకు లేనిది ఉందని రాయొద్దు."

"రాయను."

ఏడో గడిలో 'తండ్రి' అన్న మాటను కొట్టేశాడు. పైన వంకర టింకర తెలుగులో 'తల్లి' అని రాశాడు. ఎదురుగా ఒక్కో అక్షరం కూతుర్ని అడిగి నింపాడు. 'వరదమ్మ. తిరుత్తణి కృత్తిక.' కింద తమిళంలో సంతకం చేశాడు.

"ఇట్ల కొట్టేస్తే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకుంటే నేను మాట్లాడతా. ఇరవై ఏండ్లు మైకు పట్టుకున్నోణ్ణి, ఒక గుమాస్తాను ఒప్పించలేనా? నేనూ గుమాస్తానే గదా!"

కోకిల ఏడుస్తూనే నవ్వింది.

మైకు అవసరం రాలేదు. శుక్రవారం తిరుపతిలో ప్రిన్సిపాలమ్మ కొట్టివేతను చూసింది, ఎదురుగా ఉన్న నల్లచొక్కాను చూసింది. "తల్లిగారు రాలేదా?" అంది. "లేదమ్మా. ఆమె చెప్పాల్సింది నేను రాసినాను," అన్నాడు దామోదరం. ఆమె ఇంకేమీ అడగకుండా ముద్ర వేసింది.

హాస్టలు గేటు దగ్గర కోకిల భరిణెను తండ్రి చేతిలో పెట్టింది.

"నీకొద్దామ్మా?"

"నేను వేరేది కొనుక్కుంటా. ఇది మన ఇంట్లో ఎప్పుడూ లేదు నాయినా. తీసకపో."

తిరుగు బండిలో ఒక్కడే కూర్చున్నాడు. అరక్కోణంలో బండి మారడానికి దిగి, కాళ్ళు లాక్కుపోతున్నట్టు ప్లాటుఫారం కొసకు నడిచాడు. కొళాయి అక్కడే ఉంది. కింద సిమెంటు అరిగి గుంట పడింది. ఎవరో సరిగా కట్టలేదు, నీళ్ళు సన్నగా కారుతున్నాయి.

జేబులోంచి చెయ్యి తీస్తే వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. భరిణె వదులైన మూత సందులోంచి కుంకుమ రాలింది. తిరువళ్ళూరు స్టేషన్‌లో ఈ వేళకు నటరాజ్ వాళ్ళు పేపరు చదువుతూ కూర్చుని ఉంటారు. ఈ ఎర్రచేతిని చూస్తారు. అడుగుతారు. నవ్వుతారు కూడా.

అలవాటుగా చెయ్యి నీళ్ళ వైపు సాగింది. సగంలో ఆగిపోయింది.

"చాల్లే వరదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇంక తుడుచుకోవద్దు."

కొళాయిని గట్టిగా కట్టేసి, ఆ చేత్తోనే తిరువళ్ళూరు బండి కమ్మీ పట్టుకుని ఎక్కాడు.