ఇంటి అడ్రసుకి వచ్చిన ఓటు

పోలింగు రోజు పొద్దున్న ఆరింటికే అత్తగారు తల దువ్వుకుని, పెట్టెలోంచి తీసిన బట్టలు కట్టుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. ఎనభై ఒకటో ఏట ఆవిడకి మిగిలిన సరదాలు రెండే. ఒకటి మనవడితో ఫోనులో మాట్లాడటం, రెండోది ఓటెయ్యడం. మొదటిదానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. రెండోదానికి మాత్రం బడి మెట్లెక్కించే చెయ్యి ఒకటి కావాలి.

ఆ చెయ్యి వంటింట్లో టిఫిన్ డబ్బా మూత బిగిస్తోంది. కోడల్ని వీధంతా పోస్టమ్మ అంటారు. పాతికేళ్లుగా పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా ఏరి గూళ్లలో వెయ్యడం ఆమె ఉద్యోగం.

"అమ్మాయ్, బడి నీ దారిలోనేగా. నన్ను దింపి పోరాదూ?"

"ఏడింటికి డ్యూటీ అత్తయ్యా."

"పోనీ సాయంత్రం?"

"సాయంత్రమూ కుదరదు. నేనిక ఓటెయ్యనని అయిదేళ్ల కిందటే చెప్పాను. ఆ బడి గుమ్మం తొక్కలేను."

"నువ్వు వెయ్యకపోతే మానె. నా మీద ఎందుకమ్మా కోపం?"

"మీ మీద కాదు." డబ్బా సంచిలో పడేసిన చప్పుడు కాస్త గట్టిగానే వినిపించింది. "ఆయన మంచుకొండ మీద కూర్చుని వేసిన ఓటు, రెండు రోజులు ఆలస్యంగా నా బల్ల మీదకే వచ్చింది. 'గడువు మించింది' అని నా చేత్తోనే ముద్ర కొట్టాను. అప్పటికి ఆ మనిషే లేడు. ఊరందరి ఓటుకీ కాపలా కాసినవాడి ఓటు ఎందుకూ కొరగాకుండా పోయింది. ఇంక నాదెందుకు? దేశానికి నా వాటా ఎప్పుడో ఇచ్చేశాను."

"పోయినవాడు నీకు మొగుడైతే, నాకు కొడుకు కాదూ?" అత్తగారి గొంతు లేచింది. "నా వాటా నీదానికంటే తక్కువా? అయినా వెళ్లి వేలు చాపుతున్నానా లేదా? మా అమ్మ వేలికి ఆ సిరా అంటనే లేదు. పరాయివాళ్ల పాలనలోనే పుట్టి, అందులోనే పోయింది. సంతలో ఒక్క మాట తూలినందుకు మా నాన్న మూడేళ్లు జైల్లో మగ్గాడు. నీకేం, పుట్టేసరికి అంతా వడ్డించిన విస్తరి!"

"వడ్డించారు సరే. వడ్డించడానికి వెళ్లినవాళ్లు తిరిగి ఇంటికి రావట్లేదుగా!"

"బతికున్నవాడితోనైనా మాట్లాడవు. పదకొండు నెలలైంది. వాడేం పాపం చేశాడే?"

"వద్దురా అని కాళ్లు పట్టుకుంటే కూడా వినకుండా, వాళ్ల నాన్న వేసుకున్న బట్టలే వేసుకున్నాడు. అదే వాడు చేసిన పాపం."

ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అత్తగారు కుర్చీలోంచి లేవలేదు.

కొడుకు సైన్యంలో చేరిన రోజు నుంచి పోస్టమ్మ వాడి ఫోనెత్తలేదు. వాడూ తక్కువ తినలేదు. "ఫోనెత్తకపోతే ఉత్తరాలు రాస్తా. అమ్మ చెయ్యి తగలకుండా ఎలా పోతాయో చూస్తా" అని నానమ్మతో కబురు పెట్టాడు. అన్నట్టే నెలకొకటి వచ్చింది. వచ్చినదాన్ని ఆమె పరాయివాళ్ల ఉత్తరంలాగే తన వీధి గూట్లో వేసేది. మర్నాడు పోస్టుమ్యాను దాన్ని సైకిలు మీద మోసుకెళ్లి వాళ్ల గుమ్మంలోనే పడేసేవాడు. "ఇక్కడే తీసేసుకోవచ్చుగా అమ్మా, నాకు నాలుగు మెట్లు తప్పుతాయి" అని అతను నవ్వితే, "రూలు రూలే" అనేది. ఇంటికెళ్లాక విప్పకుండా కుట్టుమిషను సొరుగులో తోసేసేది. విప్పితే మెత్తబడిపోతానని ఆమె భయం.

ఆ రోజు పోస్టాఫీసులో జనం లేరు. పెద్ద గదిలో నలభై ఎనిమిది గూళ్ల ముందు ఆమె ఒక్కతే నిలబడింది. మధ్యాహ్నం డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేసింది. తినమని బతిమాలేవాళ్లుంటే కదా, అలగడానికైనా! ఇంట్లో ముసలావిడ ఆ కుర్చీలోనే ఉంటుందని తెలుసు. తెలిసీ లేవలేకపోయింది.

రెండింటికి సైనికుల ఓట్ల సంచి వచ్చింది. నూట ముప్ఫై కవర్లు, ప్రతిదాని మూలనా ఎర్ర ముద్ర. అన్నీ లెక్కింపు కార్యాలయానికే పోవాలి. నాలుగింటికి ఆఖరి బండి, రేపు పొద్దున్న ఎనిమిదింటికి లెక్కింపు. కొండ కింది సైనిక ఠాణాల నుంచి వచ్చినవి అడ్రసు అచ్చేసిన కవర్లు. కొండ మీద ఠాణాల్లో అవి అయిపోయాయేమో, కొన్నిటి మీద చేత్తో రాసి ఉంది.

అలాంటి ఒక కవరు మీద ఆమె పేరుంది. కింద ఇంటి నంబరు, ఆ కింద 'నీళ్ల ట్యాంకు వెనక' అని వంకర అక్షరాలు.

"వెధవ! ఓటు కవరు మీద ఇంటి అడ్రసు రాశాడు!" పైకే అనేసింది. పదకొండు నెలలుగా వాడు రాసిన అడ్రసు అదొక్కటే మరి. చెయ్యి దానంతటదే రాసేసినట్టుంది.

ఆమె చెయ్యి కూడా దానంతటదే వెళ్లి కవర్ని తన వీధి గూట్లో వేసేసింది. మరో రెండు కవర్లు ఏరాక గాని ఏం చేసిందో తెలియలేదు. గూట్లో ఉంటే రేపు మధ్యాహ్నానికి అది ఇంటికొస్తుంది. సొరుగులో పన్నెండోది అవుతుంది. గడువు మళ్లీ మించిపోతుంది. తండ్రి ఓటుని ఆపింది మంచు తుఫానో, దూరమో. కొడుకు ఓటుని ఆపేది మాత్రం కన్నతల్లి. కవరు గుండెకి అదుముకుని, ఖాళీ గదిలో ఆమె భోరున ఏడ్చింది.

పోస్టుమాస్టరు కవర్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని మీద ఉన్నది మీ అడ్రసు. రేపు మీ ఇంటికే ఇవ్వాలి."

"ఇవాళే ఇప్పించండి సార్. అందినట్టు సంతకం పెడతాను."

పాతికేళ్లలో ఆమె అడిగిన మొదటి మినహాయింపు అది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పెట్టండి. అందుకున్నవాళ్లు అడ్రసు కొట్టేసి వేరేది రాసిస్తే స్టాంపు లేకుండా పంపాలి. అదీ రూలేనమ్మా."

ఆ వంకర అక్షరాలు కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. చదవడానికి వీలుగా సన్నటి గీత ఒకటి గీసి, పక్కన కార్యాలయం అడ్రసు రాసింది. నాలుగింటి బండి సంచి మూతి తనే కట్టింది.

ఇంటికి పరుగున వచ్చేసరికి అత్తగారు కర్ర ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"పొద్దున్నుంచీ ఇక్కడేనా అత్తయ్యా?"

"నువ్వు రాకపోతావా అని."

"లేవండి. ఇంకా గంట ఉంది." చెప్పులు తొడుగుతుంటే కళ్లనీళ్లు ముసలి పాదాల మీద పడ్డాయి. అత్తగారు కోడలి తల మీద చెయ్యి వేసింది.

బడి దగ్గర వరసలో ఒక బట్టతలాయన రోడ్లు బాగాలేవని, నీళ్లు రావని పెద్దమంత్రిని పేరు పెట్టి దులిపేస్తున్నాడు. గేటు దగ్గర తుపాకీతో నిలబడ్డ కుర్ర పోలీసు కూడా నవ్వాపుకుంటున్నాడు.

"అనవయ్యా, ఇంకా గట్టిగా అను! మా నాన్న తరఫున కూడా నాలుగు అను!" అంది అత్తగారు ఉత్సాహంగా. వరసంతా నవ్వింది.

ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఎవరూ గొంతు తగ్గించలేదు. ఈ భయం లేని గోల కోసమేనా ఆ మనిషి మంచులో నిలబడ్డది అనుకుంది కోడలు. అయిదేళ్లలో మొదటిసారి భర్త మీద కోపం రాలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

రాత్రి ఏడింటికి రోజూలాగే ఫోను మోగింది. అత్తగారు దాన్ని తియ్యకుండా కోడలి వైపు తోసింది.

"నానమ్మా, ఓటేశావా?"

"వేసింది. నేనూ వేశాను."

అవతల గాలి హోరులోంచి, "అమ్మా?" అన్నాడు.

"నీ కవరు అందిందిరా."

"ఏ కవరు?"

"ఓటు కవరు. దాని మీద నా అడ్రసు రాశావు."

"అయ్యో! అయితే పోయిందా? నాన్నదిలాగే..."

"పోలేదు. నేనే పంపించాను. పొద్దున్న అందరివాటితో పాటు లెక్కపెడతారు."

వాడు ముక్కు ఎగపీల్చడం వినిపించింది. "చూసుకోలేదమ్మా. తప్పు రాశాను."

సిరా గుర్తున్న వేలితో ఆమె కుట్టుమిషను సొరుగు లాగింది. పదకొండూ ఉన్నాయి.

"తప్పేం లేదు నాన్నా, రావాల్సిన చోటికే వచ్చింది. నీ ఉత్తరాలు ఇప్పుడు విప్పుతున్నాను. అన్నీ చదివేదాకా ఫోను పెట్టెయ్యకు."