వద్దన్న గోడ

2079లో భీమిలి ఎగిరే బస్సుల డిపోలో డ్రైవర్లు మరుగుదొడ్ల వైపు వెళ్లడం మానేశారు. తళతళలాడే గదులు ఖాళీగా ఉంటే, మగవాళ్లంతా వెనక ప్రహరీ గోడ ముందు వరుస కట్టారు.

కారణం మూత్రదర్శిని. మరుగుదొడ్డి పింగాణీలో కలిపిన బయోసెన్సర్ పొర అది. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉంటే, అక్కడి కణాల నుంచి రాలిన అణువులను మూత్రంలో పసిగడుతుంది. అంతేకాదు, అది కదపకుండా వదిలేయదగ్గ నిద్రపోయే రకమా, వెంటనే పట్టాల్సిన దూకుడు రకమా అన్నదీ తేలుస్తుంది. పూర్వం దీనికి రక్తపరీక్ష, డాక్టరు వేలు, ఆపైన బయాప్సీ సూదులు కావలసివచ్చేవి. ఇప్పుడు ఏ బాధా లేదు. గదిలోని గొంతు మర్యాదగా "పరీక్షకు అనుమతిస్తారా?" అని అడుగుతుంది, అంతే. ఆకాశంలో బస్సులు నడిపే మహానుభావులకు ఆ ఒక్క ప్రశ్నకు అవుననడానికి గుండె చాలలేదు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ హిమజకు ఒళ్లు మండిపోయింది. ఆమె తండ్రి పరీక్షకు రానని మొండికేసి, ఈ జబ్బుతోనే పోయాడు. ఆ డ్రైవర్లలో ఒకడైన చిన్నాన్న పైడిరాజుకూ అవే లక్షణాలు మొదలయ్యాయని పిన్ని కబురు చేసింది.

"నాకేటయినాది? గుండ్రాయిలాగున్నాను. ఆ మాట మరెత్తకు," అన్నాడాయన, పరీక్ష చేయించుకోమని ఇంటికొచ్చి బతిమాలిన హిమజతో.

"సరే, ఆ పొర గోడకే పూస్తాను," అంది హిమజ ల్యాబ్‌కు తిరిగొచ్చి.

"అనుమతి లేని పరీక్ష నేరం," అంది ల్యాబ్ యంత్రం ధీర.

"దొంగతనంగా చెయ్యను. పెద్ద అక్షరాలతో బోర్డు పెడతాను. ఈ గోడ క్యాన్సర్ పరీక్ష చేస్తుంది, ఇష్టం లేనివారు ఇక్కడ మూత్రం పోయరాదు అని."

"అది చదివాక ఎవరూ పోయరు. గోడ ఎండిపోతుంది."

"నువ్వు ఈ ఊళ్లో పుట్టలేదు ధీరా."

బోర్డు పెట్టిన మర్నాటి నుంచి గోడ దగ్గర జనం రెట్టింపయ్యారు. పక్క సందుల్లో కానిచ్చేవాళ్లు కూడా పనిగట్టుకుని వచ్చారు. ఎవరి ఫలితం వారి చేతి గడియారానికే చేరేది, హిమజకు కూడా తెలిసేది కాదు. అందుకే ఒక సాయంత్రం చిన్నాన్న ల్యాబ్ గుమ్మంలో కనబడేసరికి ఆమె చేతిలో పని వదిలేసి ఎదురెళ్లింది.

ఆయన గడియారం ఉన్న చెయ్యి చాపాడు. దూకుడు రకం, ఇంకా గ్రంథి దాటలేదు అని ఉంది గడియారంలో. హిమజకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. నాన్నకు దక్కని వ్యవధి ఈయనకు దక్కింది.

"బోర్డు చదవలేదా చిన్నాన్నా?"

"అచ్చరం అచ్చరం సదివేను. సేయించుకో అని మీరు బతిమాల్తే నానెందుకు సేయించుకుంతాను? మీ నాన్నా అంతే గదా. పోయరాదని రాసినోడెవడో సూద్దామని పోసేను."

మాట బింకంగానే ఉంది కానీ చూపు గుమ్మం వైపే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆపరేషన్ అంటే చాలు, వచ్చిన దారినే వెళ్లిపోయేలా ఉన్నాడు.

హిమజ కళ్లు తుడుచుకుంది. "రేపు పొద్దున్నే ఆపరేషన్ చెయ్యొచ్చు. కానీ నువ్వు మాత్రం ఆసుపత్రికి రావద్దు చిన్నాన్నా. నీవల్ల కాదు."

"రావద్దనడానికి నువ్వెవరివే?" అన్నాడు పైడిరాజు. "తెల్లారేతలికి గేటు కాడుంతాను. నన్నెవడాపుతాడో సూస్తాను."