విప్పని కుట్టు

పొద్దున్నే లేచి టైలరు భార్య చేసే మొదటి పని టీ పెట్టడం కాదు. రాత్రి భర్త తాగి కుట్టిన వంకర కుట్లన్నీ విప్పి, ఆయన లేచేలోగా మళ్లీ కుట్టెయ్యడం. ఏడాదిగా ఇదే వరస. ఆయనగారేమో ఎంత తాగినా తన చెయ్యి చెక్కుచెదరలేదని అందరి దగ్గరా గొప్పలు పోతున్నాడు!

ఆ రోజు మాత్రం ఆమె సూది ముట్టుకోలేదు. ఒక చెయ్యి ముందుకూ ఒక చెయ్యి వెనక్కూ అతికిన కోటును అలాగే గుమ్మానికి ఎదురుగా తగిలించింది.

అత్తగారు గుండెలు బాదుకుంది. "ఇదేం పిచ్చే తల్లీ! లెక్చరరు గారు వచ్చే వేళయింది. గబగబా విప్పి కుట్టెయ్యి, నీకు పుణ్యముంటుంది. వాడి పరువు పోతే మనది పోయినట్టు కాదూ?"

"ఇన్నాళ్లూ పరువునే కాపాడాం అత్తయ్యా, మనిషిని కాదు. నిన్న తాగుడు మాన్పించే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. ఆయన చేసింది ఆయన కంటపడనివ్వమంది."

ఆ మాటలకు నిద్రలేచిన టైలరు కళ్లు నులుముకుంటూ వచ్చి కోటు చూశాడు. "ఏ దద్దమ్మ కుట్టాడిది?"

"మీరే."

"నోర్ముయ్! నా కుట్టు నాకు తెలీదా?"

"తెలీదు. ఏడాదిగా మీ కుట్టు ఈ గడప దాటలేదు. అంతా నేనే విప్పి కుట్టాను. ఇక కుట్టను. కోపమొస్తే రానివ్వండి."

కాదని చెప్పమన్నట్టు అతను తల్లివైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది.

అంతలో లెక్చరరు వచ్చాడు. "కోటు రెడీయేనా మాస్టారూ?"

"వాడికి జ్వరం బాబూ," అనబోయింది అత్తగారు, అలవాటుగా. కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

టైలరు ముందుకొచ్చాడు. "లేదు సార్. తాగి కుట్టాను. పాడుచేశాను."

లెక్చరరు కోటును ఎగాదిగా చూసి, విసవిసా వెళ్లిపోయాడు.

టైలరు కూలబడ్డాడు. చాలాసేపటికి కోటు ఒళ్లో వేసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. చేతులు వణికి దారం దొరకడం లేదు. లాక్కుని చిటికెలో విప్పెయ్యాలని భార్య ప్రాణం కొట్టుకుంది. ఏడుపొచ్చింది. అయినా చేతులు కట్టుకుని పక్కనే కూర్చుంది.

"ఆ డాక్టరమ్మ... నన్ను తిడుతుందా?"

"ఆవిడెందుకు తిడుతుంది? దానికి నేనున్నాగా."

కన్నీళ్లతోనే నవ్వాడతను. తలెత్తి చూస్తే, తల్లి అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పదండి, నేనూ వస్తాను. జ్వరమని వీధంతా నమ్మించింది నేనేగా."