మూడు బానల మూల

పోయిన గురువారం నేను చెప్పులు వదిలేసి పారిపోయాను. మా అమ్మ ఫోన్ చేసిందనీ, అందుకే పరుగెత్తాననీ అందరికీ చెప్పాను. అమ్మ ఫోన్ చెయ్యలేదు. ఈ ముక్క ఇంతవరకు నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు.

మా సోలో ఊళ్లో, లావెయాన్ సందు చివర సుతిక్నో తాత ఇంటి వెనక గది పేరెత్తితే ఇప్పుడు పిల్లలు ఏడుపు మానేస్తున్నారు. పొద్దుగూకాక ఆ కిటికీ పక్కన ఎవరూ సైకిల్ కూడా ఆపరు. లోపల గాంగ్ మోగితే, మూల నుంచి ఎవరో ఆ మోతను అందుకుంటారట. పాట ఆగినా... ఆ గొంతు ఆగదట.

తాత నలభై ఏళ్లు గమెలాన్ అనే కంచు వాయిద్యాల మేళంలో, వేలాడే పెద్ద కంచు గాంగ్ కొట్టినవాడు. భుజం పడిపోయాక వాయించడం పోయింది, వినడం మిగిలింది. ఆ గదిలో ఒక కుర్చీ, రెండు స్పీకర్లు, గోడ నిండా తన మేళం క్యాసెట్లు.

గదుల్లో మోత సరిచెయ్యడం నా పని. ఎవరూ నేర్పలేదు, చదువుకుంటూ, మా ఇంటి గోడలు పాడుచేస్తూ నేర్చుకున్నాను. మూడు నెలల కిందట తాత నన్ను పిలిచాడు. గాంగ్ పడగానే గదంతా గుమ్మని నిండిపోయి, టేపులో పాడే ఆవిడ గొంతు మునిగిపోతోందట.

"ఆ గాంగ్ కొట్టింది నేనే. ఇన్నేళ్లూ ఆవిడ నోరు నొక్కేశానా అనిపిస్తోంది పిల్లా" అన్నాడు.

గది మధ్య నిలబడి చప్పట్లు కొట్టాను. గలగలమని తిరిగొచ్చాయి. నాలుగు గోడలూ ఒకే పొడవు, అన్నీ నున్నటి సిమెంటు. బాతిక్ అద్దకం దుప్పట్లు తెరల్లా వేలాడదీస్తే గలగల పోయింది. గుమ్మనడం పోలేదు. గాంగ్ టేపు పెట్టి చెవి రిక్కించి తిరిగాను — గది మధ్యలో పల్చగా ఉంది, గోడ దగ్గర చిక్కగా ఉంది, మూలలో అయితే కడుపులో మోగింది. తాత కుర్చీ చూస్తే గోడకు ఆనించి ఉంది. మూడడుగులు ముందుకు జరిపించాను. సగం తగ్గింది.

మిగతా సగానికి బానలు.

గాంగ్ కింద ఖాళీ బాన పెడితే మోత పెరుగుతుందని మేళంవాళ్లకు పాత వాడుక. అదే బాన గది మూలలో పెడితే తన శ్రుతికి కలిసే మోతను మింగుతుంది. మూడు బానలు తెచ్చి, మూతుల్లోకి ఊదుతూ, చెంబుతో కాసిని నీళ్లు పోస్తూ, గాంగ్ శ్రుతికి కలిపి మూలలో దుప్పటి తెర వెనక నిలబెట్టాను. మోత పెంచే బానలు తెచ్చి మోత తగ్గిస్తానంటోంది, దీనికి మతి ఉందా అని తాత భార్య గినా అవ్వ గొణిగింది. అంతలోనే మేక ఎముకల పులుసు చల్లారిపోతోందని కేకేసింది. వెళ్లి తిన్నాను. అటునుంచి అటే ఇంటికొచ్చేశాను.

పాడే ఆవిడ గొంతు తేటగా వినిపిస్తోందని తాత మర్నాడే మురిసిపోతూ ఫోన్ చేశాడు.

వారం తిరిగేసరికి గుసగుసలు. అవ్వ తెర ముందు ఆకులో పూలు పెట్టడం మొదలుపెట్టింది. చివరికి పోయిన గురువారం తాత కబురు పంపాడు. శబ్దం తెలిసినదాన్ని నేనొచ్చి, ఏమీ లేదని ఒక్క మాటంటే అవ్వ నమ్ముతుందట.

వెళ్లాను. అలవాటు ప్రకారం తాత లైటు ఆర్పాడు. టేపు తిరిగింది. ఆవిడ పాడుతోంది... డోలు నెమ్మదించింది... గాంగ్.

తాత టక్కున టేపు ఆపేశాడు. నిశ్శబ్దం —

కాదు.

"ఊఁ...ఊఁ..."

లోతుగా, నెమ్మదిగా, ఎవరో నిద్రలో మూలిగినట్టు. వణికింది... తేలింది... పోయింది.

"విన్నావా?" తాత గుసగుసలాడాడు.

"తాతా... ఎక్కడ?"

"నీ వెనకాలే."

ఆ తర్వాత నాకు గుర్తున్నది వీధి చివరి దీపస్తంభం.

శబ్దం పట్టే పిల్ల శబ్దం కన్నా ముందు వీధి దాటిందని అవ్వ అందరికీ చెబుతోంది. నవ్వులకేం గాని, నా పరుగుతో ఆ గదికి ముద్ర పడిపోయింది. తాళం వేశారు. రేపు పొద్దున్నే క్యాసెట్లన్నీ సెమరాంగ్‌లో ఉండే మేనల్లుడి కారెక్కుతాయి, గుమ్మానికి ఇటుకలు పేరుస్తారు. తాత వసారాలో కూర్చుని మోకాలి మీద వేలితో తాళం వేస్తూ, గాంగ్ పడే చోటు రాగానే వేలు గాల్లో ఆపేస్తున్నాడట.

ఇంతవరకు రాసి, దిండు సర్దుకుందామని తల ఎత్తాను.

మూడు నెలలుగా దీని మీదే పడుకుంటున్నాను. నిజానికి దిండు కాదు, బూరుగు దూది సంచి. మెత్తగా ఉందని వాడుకుంటున్నాను, ఎక్కడిదో ఎప్పుడూ ఆలోచించలేదు. తిరగేస్తే అడుగున నా చేతిరాత —

"సుతిక్నో తాత. మూడు బానల మూతుల్లోకి."

మూతిలో దూది పెట్టని బాన మోతను మింగుతుంది గాని, అరిగించుకోదు. బయట అంతా ఆగాక తీరిగ్గా కక్కుతుంది. ఊఁ...ఊఁ... అని. మూడు బానలూ శ్రుతిలో వెంట్రుకవాసి తేడాతో మూలిగితే, ఆ గొంతు వణుకుతుంది కూడా.

ఆ రోజు పులుసు చల్లారకుండా కాపాడాను. దూది సంగతే మరిచాను.

ఫోన్ అవ్వ ఎత్తితే నా పని అయిపోయినట్టే. ఈ కథ ఆవిడ ఏడాదిపాటు సందంతా చెప్పుకుని నవ్వుతుంది. చెప్పుకోనీ. కారు రాకముందే దూది సంచితో ఆ గుమ్మంలో ఉండాలి, ఎలాగూ నా చెప్పులూ అక్కడే ఉన్నాయి. ముందు దూది సంగతి చెబుతాను. తర్వాత, అమ్మ ఫోన్ చెయ్యలేదన్న సంగతి.

తాతకు ఇప్పుడే ఫోన్ చేస్తాను.