రెండు సిలిండర్ల గెలుపు

నరసరావుపేట బైక్ షోరూంలో కొత్త స్పోర్ట్ బైక్ చుట్టూ ఆనంద్ బాబు రెండుసార్లు తిరిగాడు. మూడోసారి గొంతుక్కూర్చుని ఇంజన్ వైపు తొంగి చూసి పెదవి విరిచాడు.

“ఏంది మేడం ఇది? పాత మోడల్‌కి నాలుగు సిలిండర్లు. దీనికి రెండేనా? మిగతా రెండూ ఎవరెత్తుకుపోయారు?”

స్పానర్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి నవ్వలేదు. “బరువని కంపెనీయే తీసేసింది. ముప్ఫై కిలోలు తగ్గింది. చానా కంపెనీలు ఇప్పుడు ఇదే దారి పట్టాయి.”

“స్పోర్ట్ బైకంటే అరవాలండీ.”

“అరవడానికి బైకెందుకు? మైకు చాలు.”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆనంద్ చెవులు ఎర్రబడ్డాయి. సొంత మెకానిక్ షాపున్నవాడు. పిడుగురాళ్ల దగ్గర మూతపడిన క్వారీలో ఏటా ఒక్కొక్కరుగా బండి తోలే టైమ్ రేసులో వరసగా మూడేళ్ళు గెలిచినవాడు. అతన్ని ఇంతవరకూ ఎవరూ అట్టా అనలేదు. ఆ అమ్మాయి పేరు దీపిక అనీ, మాచర్ల నుంచి కొత్తగా వచ్చిన సర్వీస్ ఇంజనీరనీ బయటికొచ్చాక తెలిసింది.

వారం తర్వాత పిడుగురాళ్ల రోడ్డులో వానకి అతని నాలుగు సిలిండర్ల పాత బైక్ ఆగిపోయింది. వెనకే వచ్చిన దీపిక తన రెండు సిలిండర్ల బండి ఆపింది. ఇద్దరూ కలిసి ఆ బైకుని టీ కొట్టు రేకుల కిందకి తోశారు. ట్యాంకు ఊడదీసి, దాని కింద ఫిల్టర్ డబ్బా ఊడదీసి, తడిసిన ప్లగ్గుల దాకా చెయ్యి పోయేసరికి గంట పట్టింది. అడక్కుండానే ఆమె ఒక్కో స్పానరూ అందించింది.

“మా బండైతే ఈపాటికి ఇంటికి పోయి తల ఆరబెట్టుకునేదాన్ని.”

ఆమె కనురెప్ప మీంచి చినుకు జారింది. ఆనంద్ చేతిలోంచి ప్లగ్గు జారింది.

“ఏంది, చెయ్యి జారిందా?”

“చెయ్యి కాదు...” అనబోయి ఆగిపోయాడు.

టీ తాగుతూ ఆమె చెప్పింది. ఈసారి క్వారీ రేసులో తనూ దిగుతోంది. కంపెనీలో టెస్ట్ రైడర్ పోస్టుంది. “ముందు ఏదైనా గెలిచి చూపించు, అప్పుడు నీ పేరు పంపుతా” అన్నాడట షోరూం మేనేజరు.

ఆ ఆదివారం నుంచే ఆనంద్ ఆమెకి క్వారీ మలుపులు చూపించడం మొదలుపెట్టాడు.

“మనం పోటీ గదా, నాకెందుకు నేర్పిస్తన్నారు?”

“దారి తెలియని మనిషి మీద గెలిస్తే ఏం బాగుంటది?”

రేసుకి రెండు రోజుల ముందు ఆమె కోపంగా అతని షాపుకొచ్చింది. “నాకోసం మీరు తగ్గుతారని ఊరంతా అంటన్నారు. అదే జరిగితే మీ మొహం చూడను.”

“తగ్గను. మా అమ్మ మీద ఒట్టు.”

రేసు రోజు ఆనంద్ ముందు వెళ్ళాడు. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. వాళ్ళమ్మ మేరీ చప్పట్లు కొట్టింది. తర్వాత దీపిక. అతని బరువైన బైకుకి ముందే బ్రేకెయ్యాల్సొచ్చే మూడో మలుపులో ఆమె బండి నీళ్ళలో చేపలా తిరిగింది.

రెండు నిమిషాల ఎనిమిది.

క్వారీ గోడలు ఈలలతో మారుమోగాయి. మేనేజరు అక్కడే ఫోన్ తీసి ఆమె పేరు పంపేశాడు. దీపిక మాత్రం హెల్మెట్ తీసి నేరుగా ఆనంద్ దగ్గరికొచ్చింది.

“నిజం చెప్పండి. తగ్గారా?”

అతను టైములు రాసిన బోర్డు చూపించాడు. “నా పాత రికార్డు రెండు పద్నాలుగు. బతుకులో ఇంత స్పీడుగా ఎప్పుడూ పోలేదు. అయినా ఓడిపోయా.”

అప్పుడు నవ్విందామె, కళ్ళు తుడుచుకుంటూ.

“ఇంకో నిజం కూడా ఉంది,” అన్నాడు. “నువ్వంటే నాకు చానా ఇష్టం.”

“ఇప్పుడా చెప్పేది?”

“ముందే చెప్తే నీ గెలుపు మీద నీకే అనుమానం వచ్చుద్ది గదా.”

దీపిక అతని చెయ్యి పట్టుకుంది. “నాకూ ఇష్టమే. గెలిచాక చెప్దామనుకున్నా.”

మేరీ వచ్చి ఆమె చెంప నిమిరింది. “అట్టా వంచావేంది తల్లీ బండిని, నా గుండె ఆగిపోయింది. కప్పు తీసుకుని మా ఇంటికి రా, బిర్యానీ చేస్తా. ముందు మీ అమ్మగారి నంబరు చెప్పు, మాట్లాడాలి.”

దీపిక ఒక్కో అంకే చెప్పింది. మేరీ ఫోన్లో కొట్టుకోవడం అయ్యేదాకా దీపిక ఆనంద్ చెయ్యి వదల్లేదు.